పాస్‌బుక్కే కదా ఇచ్చేడు!

ప్రశ్న: లాయరమ్మ గారికి నమస్కారం. మాది పలాస దగ్గర పల్లె. మా అప్ప జీడి బట్టీలో పిక్కలు కొడుతుంది. బావ లేడు. ఆమె కొడుకు డిగ్రీ రెండో ఏడు, ఇరవై ఏళ్ళవాడు. మూడు నెలల కిందట తోటి కుర్రాడొకడు ‘నీ ఖాతా నెల రోజులు ఇయ్యి, నాలుగు వేలు ఇస్తారు, ఆన్‌లైన్ గేముల డబ్బు టాక్సు లేకుండా తిప్పుకుంటారు’ అన్నాడట. వీడు పాస్‌బుక్కు, ఏటీఎం కార్డు, ఆ ఖాతాకి ఉన్న సిమ్ము పట్టుకెళ్ళి కాశీబుగ్గ బస్టాండులో ఎవరి చేతిలోనో పెట్టి వచ్చాడు. రెండు రోజుల్లో 3,85,000 రూపాయలు వచ్చి, వచ్చినట్టే పోయాయి. ఇప్పుడు బ్యాంకువాళ్ళు ఖాతా ఫ్రీజ్ చేశారు. వేరే రాష్ట్రం పోలీసుల నుంచి హాజరు కమ్మని నోటీసు వచ్చింది.

‘నా గుంటడు ఏటి సేసేడు? బుక్కు ఇచ్చేడు, అంతే కదా! ఎవురింటికైనా కన్నం ఏసేడా?’ అని మా అప్ప ఏడుస్తోంది. మా వీధిలో మిలట్రీలో చేసి వచ్చిన పెద్దాయన ‘ఆన్‌లైన్ దొంగల్ని నిలబెట్టి కాల్చాలి’ అంటాడు. మిగతావాళ్ళు ‘పోనీలే, కుర్రాడు’ అంటున్నారు. ఇదే ఊళ్ళో నిరుడు రిటైరైన మాస్టారొకరికి ‘సీబీఐ నుంచి’ అని వీడియో కాల్ చేసి, ‘డిజిటల్ అరెస్టు’ చేశామని బెదిరించి, ఆయన్ని రెండు రోజులు ఫోన్ ముందు కూర్చోబెట్టి ఆరు లక్షలు లాగేశారు. చదువుకున్నవాడికి ఆమాత్రం తెలీదా అని అప్పుడు అందరం నవ్వుకున్నాం. ఇప్పుడు నాకేమీ పాలుపోవడం లేదు. మా వాడు దొంగేనా? చట్టం ఎలా చూస్తుంది? మేం ఎలా చూడాలి?

– ఒక మేనమామ, శ్రీకాకుళం జిల్లా

సమాధానం: బాబూ, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మేనల్లుడి చదువు పోతుందన్న బెంగ ఉంది, అప్ప ఏడుపు ఉంది, ఊరి మాటలన్నీ ఉన్నాయి. ఆ 3,85,000 ఎవరివి అన్న మాట మాత్రం ఎక్కడా లేదు. ఎవరో ఒకరివి కదా! ఏ పింఛనుదారు దాచుకున్నవో, ఏ తల్లి కూతురి పెళ్ళికని చిట్టీ పాడి తెచ్చినవో. మీ ఊరి మాస్టారి ఆరు లక్షలూ ఇలాగే ఏదో ఊళ్ళో ఏ ఇరవై ఏళ్ళ కుర్రాడి ఖాతాలోనో పడి, పూట తిరక్కుండా మాయమై ఉంటాయి. అక్కడ కూడా జనం ‘పోనీలే, కుర్రాడు’ అనే ఉంటారు. మాస్టారి సంగతీ మేనల్లుడి సంగతీ మీరు ఒకే కాగితం మీద రాశారు గానీ, రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసినట్టు లేదు.

సరే, అది తర్వాత మాట్లాడుకుందాం. నోటీసుకి గడువు ఉంటుంది, ముందు దాని సంగతి.

కాగితంలో బీఎన్ఎస్ఎస్ 35(3) అని ఉందేమో చూడండి. అరెస్టు, దర్యాప్తు ఎలా జరగాలో చెప్పే కొత్త చట్టం అది, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత. పాత చట్టంలో 41ఎ నోటీసు అనేవాళ్ళం. వెంటనే అరెస్టు చెయ్యక్కర్లేదు అనుకున్నప్పుడు మనిషిని పిలిచి అడగడానికి పోలీసులు ఇచ్చే కాగితం అది. దాని ప్రకారం వెళ్ళి, అడిగినవాటికి జవాబు చెబుతున్నంత కాలం మామూలుగా అరెస్టు ఉండదు. చెయ్యాలంటే అధికారి కారణం రాసి పెట్టాలి. వెళ్ళకుండా కూర్చుంటే మాత్రం ఆ వెళ్ళకపోవడమే కారణమైపోతుంది. ‘ఎక్కడో ఉత్తరాదివాళ్ళు, ఇంతదూరం ఏం వస్తారులే’ అని మీ ఊళ్ళో ఎవరో ఒకరు అంటారు. వస్తారు బాబూ. రైలు దిగి, స్థానిక స్టేషన్‌లో చెప్పి, తెల్లవారుజామున తలుపు కొడతారు.

ముందుగా ఆ నోటీసు నిజమైనదో కాదో తేల్చుకోండి. దొంగ నోటీసులు పంపి డబ్బు గుంజేవాళ్ళు కూడా ఉన్నారు. కేసు నంబరు, స్టేషన్ పేరు, దర్యాప్తు అధికారి పేరు ఉండాలి. ఆ కాగితం మీది ఫోన్ నంబరుకి కాకుండా, ఆ రాష్ట్ర పోలీసుల అధికారిక వెబ్‌సైటులో స్టేషన్ నంబరు వెతికి దానికి చేసి అడగండి. మధ్యలో ఎవడైనా ఫోన్ చేసి ‘ముప్పై వేలు పంపితే ఖాతా విడిపిస్తాం’ అన్నాడంటే వాడూ ఆ బాపతే అనుకోండి.

మీ వాడి ఫోన్‌లో ఆ తోటి కుర్రాడితో జరిగిన వాట్సాప్ మాటలుంటాయి. భయపడి చెరిపేస్తాడు, పిల్లలు మొదట చేసే పని అదే. చెరపనివ్వకండి. వాడిని కాపాడేది ఏదైనా ఉందంటే అందులోనే ఉంది. పైగా సాక్ష్యం మాయం చెయ్యడం అదో నేరం. నాలుగు వేలు ఏ రోజున, ఏ నంబరు నుంచి వచ్చిందో స్క్రీన్‌షాట్ తీయించండి. ఆ నాలుగు వేలు ఖర్చయిపోయి ఉంటే మీరు సర్దండి. ఆ డబ్బు వాడి దగ్గర ఉండకూడదు, లాయరుతో మాట్లాడి దర్యాప్తు అధికారికి అప్పగించే ఏర్పాటు చెయ్యండి.

లాయరుకి డబ్బు ఎక్కడిది అంటారా? శ్రీకాకుళంలో జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంది. ఆదాయం తక్కువున్న కుటుంబానికి అక్కడ ఉచితంగా లాయరుని ఇస్తారు. 15100కి ఫోన్ చేసినా దారి చెబుతారు. అరెస్టు భయం గట్టిగా ఉంటే, కేసు వేరే రాష్ట్రంలో నమోదైనా సరే, ఇక్కడి సెషన్స్ కోర్టు కొద్ది రోజులపాటు ముందస్తు రక్షణ ఇవ్వవచ్చని సుప్రీంకోర్టు 2023లోనే చెప్పింది. ఆ వ్యవధిలో అక్కడి కోర్టుకి వెళ్ళి బెయిలు అడుక్కోవచ్చు. ఒకే ఖాతాలోకి నలుగురైదుగురి డబ్బు పడి ఉంటే నాలుగైదు ఊళ్ళ నుంచి నోటీసులు రావచ్చు. దానికి కూడా సిద్ధంగా ఉండండి.

ఇక మీరడిగిన ప్రశ్న. మా వాడు దొంగేనా?

నేను కోర్టుకి వెళ్ళడం మొదలుపెట్టిన కొత్తల్లో ఎడ్ల కేసొకటి చూశాను. ఎవరివో ఎడ్లజత రాత్రికి రాత్రి తోలుకొచ్చి, మర్నాడు సంతలో సగం ధరకి అమ్మేశాడు దొంగ. కొన్న రైతు పెద్దమనిషి, నలుగురికీ తెలిసినవాడు. ‘బాబూ, నాను దొంగతనం సెయ్యలేదు, డబ్బిచ్చి కొన్నాను’ అని బోనులో నిలబడి దండం పెట్టాడు. మేజిస్ట్రేటు గారు గట్టిగా కూడా అడగలేదు. ‘సగానికి సగం ఎందుకు తగ్గించాడని అడిగావా?’ అన్నారంతే. ఆ రైతు తలపాగా తీసి చేత్తో పట్టుకుని నిలబడిపోయాడు. నోట మాట లేదు.

చట్టం అడిగేది ఇప్పటికీ అదే. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 317వ సెక్షన్ దొంగసొత్తు గురించి. అది దొంగసొత్తని తెలిసి గానీ, అలా అనుకోవడానికి తగిన కారణం ఉండి గానీ పుచ్చుకుంటే నేరం, మూడేళ్ళ దాకా జైలు. పాత శిక్షాస్మృతిలో దొంగసొత్తు అంటే దొంగతనం, దోపిడీ, బెదిరింపు వగైరాల సొమ్ము. కొత్తదానిలో ‘మోసం’ అనే మాట కూడా చేర్చారు. చిన్న మాటే గానీ, ఫోన్‌లో మోసం చేసి లాగిన డబ్బుకి ఇది సూటిగా తగులుతుంది. ‘అనుకోవడానికి కారణం’ అన్న దగ్గరే మీ వాడి కేసంతా తిరుగుతుంది. ఊరికే ఖాతా ఇచ్చినందుకు ఎవడైనా నాలుగు వేలు ఎందుకు ఇస్తాడు? మీ అప్పకి అన్ని వేలు కళ్ళజూడాలంటే ఎన్ని కిలోల పిక్కలు కొట్టాలో ఆమెనే అడగండి. ఆ లెక్క వాడికి తెలియనిది కాదు. తల్లి చేతులు చూస్తూ పెరిగినవాడు.

ఆవిడ ‘బుక్కు ఇచ్చేడు, అంతే’ అంటోంది. ఆ ఏడుపు నాకు అర్థమవుతుంది. కానీ పిక్క కొట్టింది నేను కాదు, పట్టుకున్నాను అంతే అంటే సొన అంటకుండా ఉంటుందా? ఆ సంగతి, సొనకి చేతులు కాలకుండా బూడిద రాసుకుని కూర్చునే ఆవిడకి మనం చెప్పక్కర్లేదు.

ఇవి కాక ఇంకొన్ని సెక్షన్లు మీ నోటీసులో ఉండొచ్చు, చూసి హడలిపోకండి. మోసం చేసి డబ్బు ఇప్పించుకోవడం న్యాయ సంహితలోనే 318(4), ఏడేళ్ళ దాకా శిక్ష. మనం తిట్టుకి వాడే ‘ఫోర్ ట్వంటీ’ ఇప్పుడు ఇదే. నూట అరవై ఏళ్ళుగా నోట నానిన మాట కాబట్టి తిట్టు మాత్రం మారదనుకోండి. కంప్యూటర్, ఫోన్ వాడి మరొకరి వేషం కట్టి మోసం చేస్తే ఐటీ చట్టం 66డి, మూడేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా. ముఠా కట్టి వరసగా చేస్తే మళ్ళీ న్యాయ సంహితలోని 111, వ్యవస్థీకృత నేరం. సైబర్ నేరాలను కిడ్నాపులు, దోపిడీల సరసన ఆ సెక్షన్‌లో పేరు పెట్టి చేర్చారు. ఐదేళ్ళకి తగ్గకుండా యావజ్జీవం దాకా ఉంది. అది ముఠాలని ఉద్దేశించిన సెక్షను. బస్టాండులో ఒకసారి కార్డు ఇచ్చి వచ్చినవాడిని ఆ గాటన కట్టకూడదని వాదించడానికి మీ లాయరుకి కావలసినంత చోటుంది.

మిలట్రీ పెద్దాయన మాట కూడా కొట్టిపారెయ్యను. ఆయన కడుపు మంట నిజమైనది. కానీ ‘ఆన్‌లైన్’ అనేసరికి చట్టం పూనకం వచ్చినట్టు ఊగితే ఏమవుతుందో ఒకసారి చూశాం. ఐటీ చట్టంలో 66ఎ అని ఒకటుండేది. ‘చిరాకు కలిగించే’ రాతలు నెట్‌లో పెడితే మూడేళ్ళ జైలు. అదే మాట రచ్చబండ మీద అంటే నేరం కాదు, ఫేస్‌బుక్‌లో రాస్తే నేరం. ఆ పేరు చెప్పి పిల్లల్ని పట్టుకెళ్ళారు. చివరికి 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. చేతిలో గడ్డపార ఉందా, గాజుతెర ఉందా అన్నదాన్ని బట్టి నేరం పెరగదు, తరగదు. ఎంత నష్టం జరిగింది, ఎవరు తెలిసి చేశారు, ఎవరు లాభపడ్డారు అన్నది చూడాలి. మీ అప్పా, ఆ పెద్దాయనా ఇద్దరూ ఫోన్‌నే చూస్తున్నారు. ఫోన్‌లో జరిగింది కాబట్టి ఏమీ కాలేదని ఒకరు, ఫోన్‌లో జరిగింది కాబట్టి కాల్చెయ్యాలని ఒకరు.

తెలిసి చెయ్యడం అన్నాను కదా, దాని ఆ చివర ఎవరుంటారో మన ఉత్తరాంధ్రవాళ్ళకి బాగా తెలియాలి. 2024 మేలో విశాఖ పోలీసులు బయటపెట్టిన కంబోడియా వ్యవహారం గుర్తుందా? డేటా ఎంట్రీ ఉద్యోగమని చెప్పి, అప్పుచేసిన డబ్బు ఏజెంట్లకి కట్టించుకుని మన కుర్రాళ్ళని విమానం ఎక్కించారు. అక్కడ పాస్‌పోర్టులు లాక్కుని, గదుల్లో పెట్టి, మన దేశంలోని మనవాళ్ళకే ఫోన్లు చేసి మోసం చెయ్యమన్నారు. కాదన్నవాళ్ళకి తిండి లేదు, దెబ్బలు. వాళ్ళలో మన శ్రీకాకుళం జిల్లా పిల్లలూ ఉన్నారు. మాస్టారికి ‘సీబీఐ నుంచి’ అని ఫోన్ చేసిన గొంతు అలాంటి ఒక గదిలోంచి వచ్చి ఉండొచ్చు. వాడు నేరం చేసినవాడూ అవుతాడు, నేరం మీద పడ్డవాడూ అవుతాడు. మీ మేనల్లుడు అలాంటివాడు కాడు. వాడి వీపు మీద ఎవరూ కర్రతో నిలబడలేదు. అలాగని ఆ గదికి యజమాని కూడా కాడు. ఈ మధ్యలో ఎక్కడ నిలబెట్టాలన్నది కోర్టు చూస్తుంది. చూడాలి కూడా.

మొదటి తప్పుకి చట్టంలో దయకి చోటు లేకపోలేదు. 1958 నాటి ప్రొబేషన్ చట్టం ఇరవై ఒక్క ఏళ్ళు నిండనివాళ్ళని వీలైనంత వరకు జైలుకి పంపొద్దంటుంది. మన కోర్టుల నడక తెలిసిందే, తీర్పు వచ్చేసరికి మీ వాడికి ఆ వయసు దాటిపోవచ్చు. అప్పుడు కూడా అదే చట్టంలోని 4వ సెక్షన్ కింద మంచి నడవడికి పూచీ రాయించుకుని వదిలెయ్యవచ్చు. ఇంకో దారి ఉంది. 318(4) కింది మోసం, కోర్టు అనుమతితో రాజీ చేసుకోదగిన నేరం. అంటే డబ్బు పోగొట్టుకున్న మనిషి ఒప్పుకోవాలి. నేను మొదట్లోనే అడిగాను చూడండి, ఆ 3,85,000 ఎవరివి అని? చివరికి మీ వాడి బతుకు ఆ పేరు తెలియని మనిషి చేతికే వచ్చింది. ఎంత తిరిగి ఇవ్వగలరో, ఎలా ఇవ్వాలో లాయరు ద్వారా, కోర్టు ముందే జరగాలి. మీరు సొంతంగా ఆ మనిషిని వెతికి ఫోన్ చెయ్యకండి, బెదిరించారని ఇంకో కేసవుతుంది.

ఇప్పుడు మాస్టారి సంగతి. మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన ముక్క ‘నవ్వుకున్నాం’ అన్నది.

నా సొంత భాగోతం ఒకటి చెబుతాను. ఓ ఆదివారం సాయంత్రం ‘బిల్లు కట్టలేదు, రాత్రి 9.30కి కరెంటు తీసేస్తాం’ అని మెసేజ్ వచ్చింది. ఇంట్లో పెద్దావిడకి ఆక్సిజన్ మిషన్ నడుస్తోంది. ఆ నంబరుకి నేనే ఫోన్ చేశాను. ఎవడో ఎంతో మర్యాదగా ‘అమ్మా, ఈ యాప్ వేసుకోండి’ అన్నాడు. వేసుకున్నాను. చీటింగ్ కేసులు వాదించి జుట్టు నెరిసినదాన్ని, వాడు చెప్పిన నొక్కు నొక్కుతూ కూర్చున్నాను! ఛార్జింగ్ లేక ఫోన్ చచ్చిపోయింది కాబట్టి బతికిపోయాను. ఛార్జర్ కోసం వెతుకుతుంటే బుర్ర వెలిగింది. ఈ మాట మా ఇంట్లోవాళ్ళకి ఏడాది తర్వాత గానీ చెప్పలేదు. ఎందుకంటే నవ్వుతారని.

మాస్టారు కూడా అందుకే చెప్పి ఉండరు. ముప్పై ఏళ్ళు ప్రభుత్వ కొలువు చేసి, ఆఫీసు కాగితం వస్తే లేచి నిలబడే తరం అది. దొంగలు పట్టుకున్నది ఆ విధేయతని. అరెస్టు ఎలా చెయ్యాలో బీఎన్ఎస్ఎస్ 43వ సెక్షన్ చెబుతుంది. పోలీసు ఎదురుగా ఉండి మనిషిని తాకాలి గానీ నిర్బంధించాలి గానీ, లేదా ఆ మనిషి మాటతోనో చేతతోనో లొంగిపోవాలి. వీడియో కాల్‌లో అరెస్టు అనేది ఏ చట్టంలోనూ లేదు. కానీ ఆ మాట పక్కింటివాడు చెవిన వేసి ఉంటే మొదటి గంటలోనే తేలిపోయేది. దొంగలు ‘ఎవరికీ చెప్పొద్దు’ అని పదేపదే అనేది ఆ పక్కింటివాడికి భయపడే. మనం నవ్వితే వాళ్ళ పని ఇంకా తేలిక. మోసపోయినవాడు వాళ్ళు చెప్పకపోయినా నోరు మూసుకుంటాడు.

నోరు మూసుకుంటే నష్టం ఏమిటో లెక్క చెబుతాను. డబ్బు పోయిన వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేస్తే, ఏ ఖాతాలోకి వెళ్ళిందో ఆ బ్యాంకుకి కబురు వెళుతుంది, అక్కడి నుంచి తరలిపోయి ఉంటే దాని తర్వాతి బ్యాంకుకి. ఎక్కడ ఎంత మిగిలి ఉంటే అంత అక్కడే ఆపేస్తారు. తర్వాత కోర్టు ఉత్తర్వుతో తిరిగి రాబట్టుకోవచ్చు. మీ వాడి ఖాతా ఎలా పనిచేసిందో చూశారుగా, రెండు రోజుల్లో ఖాళీ. గంటల్లో చెబితే ఏదైనా దొరుకుతుంది. దొంగలు పడ్డ ఆరు నెలలకి కుక్కలు మొరిగితే దొరికేది ఖాళీ ఖాతా, ఓ కాలేజీ కుర్రాడు, వాడి తల్లి ఏడుపు.

మాస్టారు ఫిర్యాదు ఇచ్చారో లేదో మీరు రాయలేదు. ఇవ్వకపోతే ఇప్పుడైనా ఇప్పించండి. సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టడం ఆయనకి చేతకాదు, మీ మేనల్లుడికి చేతనవును. వాడిని తీసుకునే వెళ్ళండి. అవును, వాడినే. ఆయన బ్యాంకు స్టేట్‌మెంట్ ముందు పెట్టుకుని, ఏ తారీఖున ఏ నంబరుతో ఎంత పోయిందో వాడి చేత్తో వాడే టైపు చెయ్యాలి. ఆరు లక్షలు ఎన్ని ఖాతాలకి విడిపోయాయో, ఆ ఖాతాల పేర్లు ఎలాంటివో చూడనివ్వండి. దీంతో వాడి కేసు తగ్గిపోతుందని చెప్పడం లేదు, కోర్టులో దీనికి విలువ లేదు. ఊళ్ళో మాత్రం ఉంటుంది. మాస్టారు వాడికి పాఠం చెప్పినాయనే అయితే ముందు మీరు ఒక్కరూ వెళ్ళి, నిరుడు నవ్వినందుకు మన్నించమని చెప్పి, ఆ తర్వాత వాడిని పిలవండి.

ఆ తోటి కుర్రాడి పేరు చెప్పాలా వద్దా అని మీ వాడు మథనపడుతూ ఉంటాడు. చెప్పాలి. వాడి తల్లి కూడా మీ అప్పలాంటిదే అయి ఉంటుంది, తెలుసు. అయినా చెప్పాలి. లేకపోతే ఈ నెల్లో ఆ కాలేజీలోనే ఇంకో నలుగురి కార్డులు ఆ బస్టాండు చేరతాయి.

నోటీసు రెండు వైపులా ఫొటో తీసి, దాంతోపాటు వచ్చిన కవరు కూడా జాగ్రత్త చెయ్యండి. కవరు మీది పోస్టు ముద్ర తారీఖు, ఆ నోటీసు ఎప్పుడు పోస్టులో పడిందో చెప్పే సాక్ష్యం. అప్పగారు కోపంతో పొయ్యిలో పెట్టకముందే ఆ పని కానివ్వండి.